కె. కోసం ప్రార్థించండి

ఈ దేశంలో మనిషి బతికే ఉన్నాడని రుజువు చెయ్యాలంటే ఊపిరి ఒక్కటే చాలదు, ఆధార్ జిరాక్సులు రెండు కావాలి. భర్త పెన్షను కోసం ఏటా నవంబరులో ఆ రుజువు పనిమీద కామాక్షి నాంపల్లి స్టేషన్ రోడ్డులో విజయేందర్ జిరాక్సు షాపుకి వెళ్తుంది. ఆ ఏడూ వెళ్లింది. ఆయన బతికే ఉన్నాడని తేలింది గాని, తన సంగతే ఆ పూట తేడా వచ్చింది.

"అక్కా, మీ మీది పోర్షనోళ్ల పుస్తకం తయారైంది. పైసలు ముందే ఇచ్చిన్రు. జర పట్కపోతరా?" అంటూ విజయేందర్ స్పైరల్ బైండింగు చేసిన కాగితాల కట్ట ఒకటి బల్లమీద పెట్టాడు.

"ఏం పుస్తకం?"

"నాకేమెరుక? అంత ఇంగ్లీషే. నాలుగేండ్ల సంది వాళ్ల ఊరికి రాస్తున్న ఉత్తరాలంట. గాడికెల్లి పెద్దమనుషులొస్తున్నరు, చూపెట్టాలె అన్నడు సారు." అతను పేజీలు తిప్పి ఒకచోట వేలు పెట్టాడు. "గీడ చూడుండ్రి, మీరే! మస్తొచ్చింది ఫోటో. కెనడా దాక పోయిన్రు, ఒక్క మాటన్న చెప్పలే."

ఫోటోలో కామాక్షి డాబామీద తులసికోట ముందు వంగి కార్తీక దీపం వెలిగిస్తోంది. మనిషి ఎవరో తెలియకుండా కళ్లమీద నల్లగీత పెట్టారు. గీత పెట్టారు సరే, ముక్కు పక్కన పుట్టుమచ్చ, ఆకుపచ్చ గద్వాల్ చీర, వెనక దండెం మీద భర్త అమరేశ్వరరావుగారి బనీను ఎక్కడివక్కడే ఉన్నాయి. కింద సన్నటి అక్షరాల్లో ఇంగ్లీషులో రాసి ఉంది: "మా ఇంటి యజమానురాలు కె. భద్రత కోసం పేరు మార్చాం."

ఎవరి భద్రతో రాయలేదు.

జోయెల్, ఎస్తర్ దంపతులు నాలుగేళ్ల కిందట, నాలుగేళ్ల కూతురు నోరాని వెంటబెట్టుకుని హైదరాబాదులో దిగారు. కెనడాలో గోధుమ పొలాల మధ్య ఒక చిన్న ఊరు వాళ్లది. ఆ ఊరి చర్చివాళ్లు పంపితే సువార్త సేవకని వచ్చారు. జోయెల్ ఒక బైబిలు కాలేజీలో పాఠాలు చెబుతాడు. అబిడ్స్ వెనక, గన్‌ఫౌండ్రీ వైపు సందులో పై పోర్షను కిరాయికుందని బ్రోకరు తీసుకొస్తే, బ్యాంకులో ముప్పై ఆరేళ్లు చేసి రిటైరైన అమరేశ్వరరావుగారు గొంతు తగ్గించి "మాంసం వండుతారేమోనే" అన్నారు.

"మీ సిగరెట్ల కంటేనా?" అంది కామాక్షి. పోర్షను ఖాయమైంది.

మొదటి వేసవంతా ఎస్తర్ బాత్రూములో బకెట్లో కాళ్లు పెట్టుకుని కూర్చుని గడిపింది. నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయని, వచ్చిన గంటలోనే మోటారు వేసి ట్యాంకు నింపుకోవాలని నమ్మడానికి ఆమెకి నెలపట్టింది. కనబడని దేవుణ్ణి నమ్మిన మనిషి, కనబడని నీళ్లని నమ్మలేకపోయింది. కూరగాయలామె, ఆటో అతను, ఆఖరికి పోస్టుమాను కూడా "ఒక్కతేనా పిల్ల? ఇంకోటెప్పుడు?" అని అడిగితే పైకొచ్చి ఏడ్చేది. వాళ్ల ఊళ్లో పక్కింటికి వెళ్లాలన్నా ముందు ఫోను చేసి అడగాలట. ఇక్కడ తలుపు గడియ పెట్టుకుంటే "లోపల ఒంట్లో బాగాలేదా?" అని నలుగురొస్తారు.

నోరాకి మాత్రం ఏ కష్టమూ లేదు. కిందా పైనా రెండిళ్లలో పనిచేసే అనసూయ వెనకాల తిరిగి ఆర్నెల్లలో భాష పట్టేసింది. "మమ్మీ, మోటర్ బంద్ చెయ్, నీళ్లు పోతున్నయ్!" అని ఆ తెల్లపిల్ల డాబామీంచి కేకేస్తే సందు సందంతా నవ్వేది. కామాక్షిని అమ్మమ్మా అనేది. అలా అనమని ఎవరూ చెప్పలేదు.

ఎస్తర్‌కి తెలుగు నేర్పే పని కామాక్షి మీద పడింది. పడిందేమిటి, తనే మీదేసుకుంది. కోఠీలో బి.ఏ. ఇంగ్లీషు చదివి, ఆ చదువుని ముప్పై ఎనిమిదేళ్లుగా గ్యాసు బుక్కులో సంతకానికి వాడుకుంటున్న మనిషికి శిష్యురాలు దొరకడం చిన్న సంగతా? ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టల్లో వెతికి ఒకటో తరగతి వాచకం కొనుక్కొచ్చింది. వారానికి మూడు రోజులు, మధ్యాహ్నం రెండింటికి పాఠం.

మొదటిరోజు ఎస్తర్ నవ్వుతూ "కామాక్షీ!" అని పిలిచింది. పేపరు చదువుతున్న అమరేశ్వరరావుగారి కళ్లజోడు జారింది. ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో ఆయనే ఆ సాహసం చెయ్యలేదు, "ఏమేవ్", "ఇదిగో"లతో నెట్టుకొస్తున్నారు.

"పెద్దవాళ్లని పేరుపెట్టి పిలవకూడదమ్మా. పిన్నిగారూ అను," అని దిద్దింది కామాక్షి. ఆ పూటనుంచి పిన్నిగారే.

రెండేళ్ల కిందట ఒక వానాకాలం మధ్యాహ్నం జరిగిపోయిన సంగతులు చెప్పడం పాఠం. "మీకు జరిగింది ఏదైనా చెప్పండి పిన్నిగారూ, నేను వింటాను," అంది ఎస్తర్. ఉప్మా చేశాను, తిన్నాను, గిన్నె తోమాను అంటే సరిపోయేది. కామాక్షి నోట్లోంచి సుధ వచ్చింది.

సాయిసుధ. ఆరేళ్లది. మెదడువాపు జ్వరం, మూడు రోజులు ఆసుపత్రి, అంతే. అది జరిగి ఇరవై తొమ్మిదేళ్లు. తరవాత ఆ ఇంట్లో ఆ పేరు ఎవరూ పలకలేదు. అమరేశ్వరరావుగారు వద్దనేవారు కాదు. పేరు వినబడితే లేచి గేటు దాకా వెళ్లి, రోడ్డువైపు తిరిగి నిలబడేవారు. రెండుసార్లు ఆ వీపు చూశాక కామాక్షి మానేసింది. చుట్టాలూ మానేశారు. అలాంటిది ఆ మధ్యాహ్నం గంటసేపు చెప్పింది. నాంపల్లి నుమాయిష్‌లో జెయింట్ వీల్ దిగనని పిల్ల చేసిన పేచీ, "పెరుగుతుందిగా" అని అబిడ్స్‌లో ఒక నంబరు పెద్దవి కొన్న బూట్లు, అవి ఇప్పటికీ బీరువా అడుగున పాత చీరలో చుట్టి ఉన్న సంగతి, అది భర్తకి కూడా తెలియని సంగతి. ఎస్తర్ తెలుగు అప్పటికింకా వంకాయల బేరం దాటలేదు. అర్థం కాదన్న ధైర్యంతోనే చెప్పింది. గోడకి చెప్పుకున్నట్టు చెప్పుకుంది. ఎస్తర్ చెయ్యి చాపి ఆమె చెయ్యి పట్టుకుంది. గోడకి చేతులుండడం బాగుందనిపించింది.

గోడలకి చెవులుంటాయని సామెత ఉండనే ఉంది. బి.ఏ. చదివి ఏం లాభం, సమయానికి గుర్తురాలేదు.

ఇంటికొచ్చి కుక్కరెక్కించి, వంటింట్లో స్టూలు వేసుకుని కామాక్షి ఆ పుస్తకం తెరిచింది. పైవాళ్లకి ఇచ్చెయ్యాల్సిందే. కాని తన ఫోటో ఉన్న పుస్తకాన్ని తను చదవకుండా ఇచ్చేంత సంస్కారం ఆమెకి లేదు, ఉందని ఎవరూ అనలేదు కూడా.

మొదటి ఏడాది ఉత్తరాల్లో ఎండ, దోమలు, మోటారు. ప్రతి ఉత్తరం చివరా "ఈ నెల ప్రార్థన చెయ్యవలసిన విషయాలు", వాటిని ఫ్రిజ్జు మీద అంటించుకోండన్న సూచన. రెండో ఏడునుంచి కె. ప్రవేశించింది. కె.కి చదువు రాదు. కె. భర్త క్రూరుడు. కె. సాయంత్రమయ్యేసరికి భయంతో దీపాలు వెలిగిస్తుంది. కె. మా గుమ్మంలో నిలబడి తన్మయంగా మా కీర్తనలు వింది. (మోటారు ఆపమని చెప్పడానికి వెళ్లి, పాట మధ్యలో పిలిస్తే బాగుండదని ఆగింది.) కె. మా వంటింట్లో కన్నీరు కార్చింది. (కిలో ఉల్లిపాయలు.)

కామాక్షికి నవ్వొచ్చింది. హాల్లో క్రూరుడు అరగంటనుంచి కాఫీ అడగడానికి భయపడుతూ రెండుసార్లు దగ్గాడు.

మరో పేజీ తిప్పింది.

"కె.కి ఆరేళ్ల కూతురు చనిపోయింది. ఆ పేరు పలకడానికి కూడా భర్త ఒప్పుకోడు. పాపకోసం కొన్న పెద్ద బూట్లని ఆమె ఇప్పటికీ బీరువాలో దాచుకుంది. ఈ దుఃఖం గుండానే దేవుడు ఆమెని పిలుస్తున్నాడు. కె. కోసం ప్రార్థించండి."

కుక్కరు మూడు విజిల్సు వేసింది. నాలుగు. అయిదు. ఆమె లేవలేదు. అన్ని అబద్ధాల మధ్య అదొక్కటే నిజం, అదే మింగుడుపడలేదు. ఇరవై తొమ్మిదేళ్లు కట్టుకున్నవాడి దగ్గర దాచిన బూట్లు గోధుమ పొలాల ఊళ్లో ప్రతి ఇంటి ఫ్రిజ్జు మీదా అంటించి ఉన్నాయి.

"ఏందమ్మా, అన్నం మాడ్తున్నది!" అంటూ అనసూయ వచ్చి స్టవ్వు కట్టేసింది. వంగి పుస్తకం చూసింది. "గిది మీ ఫోటో గాదు? పైనోళ్ల ఉత్తరమా? మా అవ్వ కాలం సంది ఏసయ్యనే నమ్ముకున్నం మేము. ముప్పై ఏండ్లాయె, ఒక్క ఐతారం చర్చి ఎగ్గొట్టలే. గీళ్లిల్లు నాలుగేండ్ల సంది ఊడుస్తున్న. ఒక్కనాడన్న నా ఫోటో తీసిన్రా?"

"నువ్వు ముందే వెలుగులో ఉన్నావు కదే. చీకట్లో ఉన్నవాళ్లకే ఫ్లాష్ కొడతారు," అంది కామాక్షి. జోకు తనదే అయినా నవ్వలేదు.

పుస్తకం తీసుకుని పైకెళ్లింది. ఎస్తర్ బట్టలు మడతపెడుతోంది. ఆ పుస్తకాన్ని చూసింది, పేజీలో పెట్టి ఉన్న వేలిని చూసింది. మెడదాకా ఎర్రబడింది.

"పిన్నిగారూ... చదివారా?"

"చదువు రాదుగా. బొమ్మలు చూశాను."

ఎస్తర్ మంచమ్మీద కూలబడింది. నాలుగేళ్ల కిందట అక్షరం రాని మనిషి, ఇప్పుడు తడుముకోకుండా చెప్పుకుపోయింది. జోయెల్ దగ్గర చదివేవాళ్లంతా పాస్టర్ల పిల్లలే. వాళ్లకి కొత్తగా చెప్పేదేమీ లేదు. అక్కడి ఊరివాళ్లు ప్రతి నెలా అడుగుతారు, ఫలం ఏది, ఫలం ఏది అని, అంటే ఎవరు మతం మారారని. దోమల గురించి ఎన్నిసార్లు రాస్తుంది? వచ్చే ఆదివారం ఆ ఊరి చర్చి కమిటీనుంచి పెద్దాయన, ఆయన భార్య డోరతీ వస్తున్నారు. తమని ఇంకో మూడేళ్లు ఉంచాలో, వెనక్కి రప్పించాలో తేల్చుకుని వెళ్తారు. అన్నిటికంటే ముందు కె.ని చూడాలన్నారు.

"చూపించు. ఏ కె. దొరికితే ఆ కె.ని."

"అక్కడ ఇల్లు అమ్మేసి వచ్చాం పిన్నిగారూ. జోయెల్‌కి ఉద్యోగం లేదు. నోరాకి మంచు ఎలా ఉంటుందో గుర్తు కూడా లేదు. అక్కడ మాకు ఇల్లు లేదు, ఇక్కడ కూడా..." అని ఆగింది. ఇక్కడ లేదనడానికి ఓనరు ఎదురుగానే ఉంది.

"నన్ను అనాగరికురాలిని చేశావు, పోనీ. మా ఆయన్ని రాక్షసుణ్ణి చేశావు, ఆయనకి తెలిస్తే కాస్త గర్వపడతారు కూడా. నా పిల్లనెందుకు రాశావే?"

నోరా లోపలికొచ్చి కామాక్షి చెంగు పట్టుకుని "అమ్మమ్మా, రేపు పెసరట్టేనా?" అంది.

కామాక్షి ఆ పిల్ల తలమీద చెయ్యి వేసింది. "సరే, వస్తాను. వీళ్లు మంచివాళ్లు, ఉంచండని నా నోటితో నేనే చెబుతాను. తెలుగులోనే మాట్లాడతాను. ఏం చెబితే అది చెప్పు. ఒక్క ముక్క కలపద్దు, ఒక్క ముక్క తియ్యద్దు. సుధ ఊసు రానివ్వద్దు. వస్తే అక్కడే తుంచెయ్యాలి."

"మాట ఇస్తున్నాను పిన్నిగారూ."

నోరా కోసం ఒప్పుకున్నానని కామాక్షి తనకి తను చెప్పుకుంది. అది సగమే. నాలుగేళ్లు పాఠం చెప్పినవాళ్లకి ఒక పరీక్ష పెట్టాలని ఉంటుంది.

ఆదివారం అబిడ్స్ దుకాణాలన్నీ షట్టర్లు దించుకుని, వాటి ముందు పాత పుస్తకాలు పరుచుకుని ఉన్నాయి. వాటిని దాటుకుంటూ కామాక్షి జోయెల్ వాళ్ల చర్చి వెనకున్న హాలుకి నడిచింది. మూడు మెట్లెక్కాలి. మూడోది కదులుతోంది. లోపల పదిహేనుమంది ఉన్నారు. అనసూయ ట్రేలో టీలు అందిస్తోంది.

డోరతీ లేచొచ్చి కామాక్షి రెండు చేతులూ పట్టుకుని, చెవిటివాళ్లతో మాట్లాడినట్టు గట్టిగా, ఒక్కో మాటా విడదీసి ఇంగ్లీషులో పలకరించింది. కామాక్షి చిరునవ్వు నవ్వింది. కె.కి ఇంగ్లీషు రాదు మరి.

తరవాత నిలబడి చెప్పింది. "నా పేరు కామాక్షి. వీళ్ల ఇంటి ఓనరుని. వీళ్లు కష్టపడి ఈ ఊరికి అలవాటుపడ్డారు. నోరా అంటే నాకు ప్రాణం. నేను మతం మారలేదు, మారే ఉద్దేశం లేదు. అయినా వీళ్లు ఇక్కడే ఉండాలని నా కోరిక. ఫలం, ఫలం అని వీళ్ల ప్రాణం తియ్యకండి. నాలుగేళ్లకి మామిడిచెట్టే సరిగ్గా కాయదు."

ఎస్తర్ ఒక్క క్షణం నేలచూపులు చూసింది. తల ఎత్తి ఇంగ్లీషులో చెప్పింది. "ఈ కుటుంబంలో నేను ప్రభువు ప్రేమని చూశాను అంటోంది. ఇంట్లో భయం వల్ల బయటికి చెప్పలేకపోతున్నాను గాని నా మనసు మారింది అంటోంది. ఫలానికి సమయం కావాలి, ఓపిక పట్టండి అంటోంది."

ముందు వరసలో కూర్చున్న నోరా తలెత్తింది. "మమ్మీ, అమ్మమ్మ గట్ల అనలే," అంది తెలుగులో, గట్టిగా.

హాల్లో తెలుగొచ్చినవాళ్లు కళ్లు దించుకున్నారు. పెద్దాయన మురిపెంగా పిల్లవైపు తిరిగి ఏమందని అడిగాడు.

"బిస్కెట్టు కావాలంటోంది," అంది ఎస్తర్.

అనసూయ వచ్చి నోరా చేతిలో బిస్కెట్టు పెట్టింది. పెట్టేటప్పుడు ఎస్తర్ మొహంలోకి ఒకసారి చూసి వెళ్లింది. నోరా బిస్కెట్టు తినలేదు, పట్టుకుని కూర్చుంది.

డోరతీ కళ్లు అప్పటికే తడిగా ఉన్నాయి. "ఆ పాప గురించి అడుగమ్మా. ఆ బూట్ల గురించి. మా ఊళ్లో మేమంతా ఏడ్చాం."

ఇక్కడే తుంచెయ్యాలి. ఎస్తర్ కామాక్షివైపు తిరిగి, ఒక్క తప్పు లేకుండా, గారు కూడా మరవకుండా అంది. "మీ పాప గురించి చెప్పమంటున్నారు పిన్నిగారూ."

"చెప్పనని చెప్పు."

"నా బిడ్డ ప్రభువు ఒడిలో క్షేమంగా ఉందని ఇప్పుడు నాకు తెలుసు, అంటోంది."

డోరతీ వచ్చి కావిలించుకుంది. ఆమె భుజమ్మీదనుంచి కామాక్షికి ఎస్తర్ మొహం కనబడింది. భాష ఎంత బాగా వచ్చిందో! ఏ మాట ఎక్కడ వంచితే అబద్ధమవుతుందో తెలిసేంత బాగా వచ్చింది. లేచి శుభ్రమైన ఇంగ్లీషులో నాలుగు ముక్కలు అనెయ్యొచ్చు. అంటే సుధ మళ్లీ ఈ హాల్లో పడుతుంది, ఈసారి తన నోటినుంచే. కామాక్షి ఆ ఆలింగనంలో కొయ్యలా నిలబడింది. ఆ కొయ్యదనం కూడా డోరతీకి భక్తిలాగే తగిలి ఉంటుంది.

వెళ్లేటప్పుడు మాత్రం ఉండబట్టలేకపోయింది. డోరతీ గుమ్మం దాటి కాలు కింద పెట్టబోతుంటే, కామాక్షి కోఠీ కాలేజీ ఉచ్చారణతో ఇంగ్లీషులో అంది. "మెట్టు చూసుకోండి మేడమ్. పైది కదులుతోంది, పడగలరు. నేనిందాకటినుంచీ అన్నీ వింటూనే ఉన్నాను."

డోరతీ కాలు గాలిలో ఆగింది. జోయెల్ మొహం సున్నంకొట్టినట్టయింది. అతనికి ఎంత తెలుసో, తెలియకుండా ఎంత జాగ్రత్తపడ్డాడో ఆ మొహంలో ఉంది. డోరతీ కామాక్షిని చూసింది, ఎస్తర్‌ని చూసింది. కామాక్షి ఇంకేం వివరించలేదు. చెప్పాల్సింది చెప్పేశాననుకుని పుస్తకాల మధ్యనుంచి ఇంటికి నడిచింది. దారిలో కొంచెం తేలిగ్గా కూడా అనిపించింది.

ఆ తేలిక మూడు వారాలుంది.

"అక్కా, కొత్త ఉత్తరమొచ్చింది, బైండింగుల కలపమన్నరు," అన్నాడు విజయేందర్, ఆమె కరెంటు బిల్లు జిరాక్సు తీస్తూ. "మళ్ల మీ ముచ్చటే ఉన్నట్టుంది."

నిలబడే చదివింది. "శుభవార్త! మా సేవ ఇంకో మూడేళ్లు పొడిగించారు. కె. విషయంలో అద్భుతం జరిగింది. చదువు రాని కె. ఇప్పుడు చక్కటి ఇంగ్లీషు మాట్లాడుతోంది! ఎస్తర్ వారానికి మూడు రోజులు మధ్యాహ్నం రెండింటికి ఆమెకి పాఠాలు చెబుతోంది. డోరతీ స్వయంగా విన్నది. కె. కోసం, ఆమె కూతురి జ్ఞాపకం కోసం ప్రార్థిస్తూనే ఉండండి."

"ఏముందక్కా?"

"నాకు ఇంగ్లీషొచ్చిందట."

"మస్తు కదా!" అన్నాడతను.

మర్నాడు సరిగ్గా రెండింటికి ఎస్తర్ నోటు పుస్తకం పట్టుకుని కింద గుమ్మంలో నిలబడింది. కళ్లు ఎత్తలేదు. ఆమె రావడమే ఆశ్చర్యం. ఏ మొహం పెట్టుకుని వచ్చిందో, ఆ మొహం తప్ప ఆమెకి ఈ ఊళ్లో వేరే ఏమీ లేదని కామాక్షికి తెలుసు. తెలిసినా జాలి రాలేదు. రానందుకు తనమీద తనకే చిరాకేసింది.

"పిన్నిగారూ..."

"ఆ పిలుపు వద్దమ్మా. కె. అను. భద్రతకి మంచిది."

"పిన్నిగారూ, నేను..."

"పాఠాలు అయిపోయాయి. ఇంక నా దగ్గర నేర్చుకునేదేం లేదు నీకు. నోరాని పంపు, పెసరట్లు వేస్తాను."

ఎస్తర్ మెట్లెక్కి వెళ్లిపోయింది. నోరా రాలేదు. హాల్లోంచి అమరేశ్వరరావుగారు "ఎవరే?" అన్నారు.

"ఎవరూ కాదు, పైవాళ్లు."

నల్లా వచ్చే రోజది, పైన మోటారు నడుస్తోంది. ట్యాంకు నిండి నీళ్లు డాబామీంచి సందులోకి కారడం మొదలైంది. కామాక్షి వాకిట్లోకొచ్చి తలెత్తి చూసింది. పిట్టగోడ దగ్గర నోరా నిలబడి ఉంది. పోతున్న నీళ్లవైపు చూస్తోంది, కామాక్షి వైపు చూస్తోంది. నోరు తెరవలేదు.

కామాక్షి కాసేపు ఎదురుచూసింది. తరవాత తనే వెళ్లి మోటారు కట్టేసింది.